వారింట హాస్యం, మనింట నేరం

ఒక ఆదివారం మధ్యాహ్నం బండారులంకలోని మా ఇంట టీవీలో ‘చిత్రం’ సినిమా వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమరాలితో, ఆమె తల్లితో కలిసి చూశాము. 2000 జూన్‌లో ఆ సినిమా విడుదలైనప్పుడు అమలాపురంలో హాలంతా నవ్వులే. నవ్వినవారిలో మేమూ ఉన్నాము. ఇన్నేళ్ళకు ఆడపిల్ల పక్కన కూర్చొని చూస్తే నవ్వు రాలేదు.

కథ తెలియనివారు తక్కువ. పదిహేడేళ్ళ ప్రాయపు విద్యార్థులిద్దరు దగ్గరవుతారు. అమ్మాయి గర్భవతి అవుతుంది. పెళ్ళి, బిడ్డ, చదువు, సంసారం అన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. దర్శకుడు తేజకూ, కథానాయకుడు ఉదయ్ కిరణ్‌కూ అదే తొలి చిత్రం. ఆర్.పి. పట్నాయక్ బాణీలు ఊరూరా మోగాయి. కొత్తవారితో, కొద్ది ఖర్చుతో అంతటి విజయం సాధించడం సామాన్యం కాదని ఒప్పుకుంటాము. 2014లో అకాలంగా కన్నుమూసిన ఆ నటునిపై మాకు ఏ నిందా లేదు. మా ఆక్షేపణ వేరు.

1978 సవరణ నాటినుంచీ మన చట్టం ఆడపిల్ల పెళ్ళికి 18, మగపిల్లవాని పెళ్ళికి 21 ఏళ్ళు నిర్ణయించింది. తెరమీద జరిగింది బాల్యవివాహమే. హాలులో ఒక్కరూ ఆ మాట అనలేదు. ఆ పిల్లలు రమణ, జానకి కాక రహమాన్, జమీలా అయివుంటే అది కుటుంబ వినోదమయ్యేదా? 1991లో హైదరాబాదు బాలిక అమీనాను అరబ్బు వృద్ధునికి కట్టబెట్టిన ఉదంతం దేశమంతా మారుమోగింది. మోగవలసిందే, అది ఘోరం. కాని నాటినుంచి బాల్యవివాహం అనగానే జనం మన వీధివైపే చూస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిందని తేలింది. ముస్లింలు పదోవంతు కూడా లేని రాష్ట్రంలో ఈ 29 శాతం ఎవరి ఇళ్ళలోది?

హాస్యంలో మనకు చోటు లేదు. ‘ఖడ్గం’ (2002)లో ప్రకాశ్‌రాజ్ ధరించిన ఆటోడ్రైవర్ అంజాద్ మంచివాడే. అయినా తమ్ముడు ఉగ్రవాదుల్లో కలిస్తేనే అతని ఇంటి తలుపు ప్రేక్షకునికి తెరుచుకుంది. మనవాడు తెరమీదికి రావాలంటే దేశభక్తి ధ్రువపత్రం జతపరచాలి కాబోలు. పరీక్షలో తప్పి అబ్బాకు భయపడి మేడమీద దాక్కున్న మన కుర్రవాణ్ణి చూసి నవ్వించే సినిమా ఏది?

అన్యాయం ఇంతటితో అయిపోతే ఈ వ్యాసం ఇక్కడే ఆపేవాళ్ళం. మేము గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో ఒక బాలిక ఉపకారవేతనానికి ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చింది. మగ్గం నేసే తండ్రి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మరుసటి ఏడాది ఆమె చంకన బిడ్డతో, రేషన్ కార్డులో పేరు మార్పుకు వచ్చింది. ‘చదువు?’ అన్నాము. దరఖాస్తు మా ముందుకు తోసి తల వంచుకుంది. పాత కాగితంలో పుట్టినతేదీ మాకు గుర్తే. అయినా ఏమీ అడగక ముద్ర వేశాము. ఆమె ఏ మతస్థురాలో చెప్పము. చెబితే చదివేవారి జాలి పెరగడమో తరగడమో జరుగుతుంది. ఆమె వెనుక పాట రాలేదు, ఎవరూ నవ్వలేదు. సినిమా దాచినది ఆ వంచిన తలనే.

కాబట్టి ‘వారూ చేస్తున్నారు గదా’ అని మనవారు ఎదురు వాదిస్తే మేము ఒప్పము. 29.3 శాతం మన తప్పుకు రసీదు కాదు. మంచి సంబంధం చేజారుతుందని పదో తరగతి కాగానే పిల్లను పంపించేసే తల్లిదండ్రులు మన మొహల్లాలోనూ ఉన్నారు. వారికి షరీఅత్ పేరు అడ్డం పెట్టే పెద్దలూ ఉన్నారు. చదువు స్త్రీపురుషులిద్దరికీ విధి అని జుమా ప్రసంగాల్లో వింటూనే ఉన్నాము గదా!

నికాహ్ చదివించేముందు వధువు పదో తరగతి సర్టిఫికేటు చూపమని మా ఎరుకలోని ప్రతి ఇంటా అడుగుతున్నాము. రెండు కుటుంబాలు చూపాయి. ఒక కుటుంబం దావత్‌కు మమ్మల్ని పిలవడం మానేసింది.