గంటసేపు దీపాలు ఆర్పితే సరిపోతుందా?

ప్రతి ఏటా మార్చి నెలలో ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఇళ్ళలో దీపాలు ఆర్పివేయాలని విజ్ఞప్తులు వెలువడుతున్నాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో 2007 మార్చి 31న మొదలైన ఈ కార్యక్రమం పేరు ఎర్త్ అవర్. మన దేశానికి 2009లో వచ్చింది. హైదరాబాదులో చార్మినార్‌కు కూడా ఆ గంటసేపు దీపాలు తీసివేసిన సందర్భాలు ఉన్నాయి. పట్టణాల్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఫొటోలు దిగుతారు. బడిపిల్లల చేత ప్రతిజ్ఞలు చేయిస్తారు. తొమ్మిదిన్నర కాగానే మళ్ళీ అన్ని స్విచ్‌లూ పడతాయి.

ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెల్లో ఈ సంగతి ఎత్తితే పెద్దవాళ్ళు నవ్వుతారు. "దీపాలు ఆర్పేది మాకు ఒకరు నేర్పల్లనా నాయనా? మేము ఆర్పకపోయినా అవే ఆరిపోతాయి కదా" అంటారు. ఇందులో ఎత్తిపొడుపు ఉన్నా అబద్ధం లేదు. 2012, 2013 సంవత్సరాల్లో గంటల తరబడి కోతలు అనుభవించిన ఊళ్ళు ఇవి. 2022 ఏప్రిల్‌లోనూ పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించి, పల్లెల్లో కోతలు విధించారు. ఆ కోతలన్నిటినీ భూమి కోసం చేసిన త్యాగం కింద ఎవరూ జమ కట్టలేదు. అయినా, అడిగినవారిని నవ్వి పంపించివేయడం కంటే లెక్క వేసి చూడడం మంచిది.

మూడు వందల గడపలున్న ఒక పల్లెను తీసుకుందాము. ఇంటికి అయిదు బల్బులు, ఒక్కొక్కటి 9 వాట్ల ఎల్‌ఈడీ అనుకుందాము. ఊరంతా కట్టుబడి గంటసేపు చీకటిలో కూర్చుంటే మిగిలేది పదమూడున్నర యూనిట్లు. అదే ఊరి పొలిమేరలో 5 హార్సుపవర్ మోటారు ఒక్కటి గంటకు సుమారు నాలుగు యూనిట్లు తాగుతుంది. అంటే ఊరు ఊరంతా కష్టపడి మిగిల్చినది ఒక్క మోటారు మూడున్నర గంటలు కూడా తిరగకముందే అయిపోతుంది. ఆటోమేటిక్ స్టార్టరు పెట్టుకున్న మోటారయితే రైతు ఇంట్లో నిద్రపోతుండగానే ఆ పని పూర్తి చేస్తుంది.

ఇక కొవ్వొత్తుల మైనం చాలావరకు పెట్రోలియం నుంచి తీసినదే. కరెంటు ఆపి దానిని కాల్చడం ఏ రకమైన పొదుపో వెలిగించేవారే చెప్పాలి.

దీపాలు ఆర్పిన గంటలో థర్మల్ కేంద్రాలలో ఏమి జరుగుతుందన్నది అసలు తెలుసుకోవలసిన సంగతి. కరెంటు ధాన్యం కాదు, గాదెలో పోసి దాచుకోవడానికి. ఎంత వాడకం ఉందో ఆ క్షణానికి అంతే తయారు కావాలి. ఈ ఉత్పత్తిలో అధిక భాగం ఇప్పటికీ బొగ్గుదే. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట బాయిలరును గంట కోసం చల్లార్చి, మరుగంటలో మళ్ళీ రాజేయడం సాధ్యం కాదు. లోడు తగ్గించి నడుపుతారు. అప్పుడు బొగ్గు కొంత తగ్గుతుంది, కాని తక్కువ లోడు మీద తిరిగే యంత్రం ఒక్కొక్క యూనిట్‌కు మామూలు కంటే ఎక్కువ బొగ్గు తింటుంది. ఆర్పినంత కరెంటుకు సరిపడా బొగ్గు మిగిలిందనుకోవడం పొరపాటు.

దీనికి దేశమంతా చూసిన నిదర్శనం ఒకటి ఉంది. 2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాల పాటు దీపాలు ఆర్పాలని ప్రధానమంత్రి పిలుపునిచ్చారు. అది వాతావరణం కోసం కాదు, కరోనా రోజుల్లో ప్రజల ఐకమత్యం చాటడానికి. పిలుపు విని దేశంలో ఆర్పనివారు తక్కువ. వాడకం ఒక్కసారిగా సుమారు 31 వేల మెగావాట్లు పడిపోయింది. గ్రిడ్ కూలిపోతుందేమోనని ఇంజనీర్లు ముందుగానే జాగ్రత్త పడ్డారు. తొందరగా తగ్గించడానికీ, తొందరగా పెంచడానికీ వీలయినవి జలవిద్యుత్ కేంద్రాలు కనుక ముఖ్యంగా వాటిని ఆధారం చేసుకుని ఆ కొద్ది నిమిషాలు గట్టెక్కించారు. నిమిషాలు గడవగానే వాడకం తిరిగి పైకి లేచింది. అంతమంది ఒక్క మాట మీద నిలిచారంటే అది చిన్న విషయం కాదు. కాని ఆ మరునాడు ఎవరి ఇంటి కరెంటు బిల్లూ తగ్గలేదు.

ఎర్త్ అవర్ నిర్వహించే సంస్థ వారు కూడా ఇది కరెంటు మిగల్చడానికి కాదు, జనానికి గుర్తు చేయడానికే అని చెబుతారు. ఆ మాట న్యాయంగా ఒప్పుకోవలసిందే. ఎటొచ్చీ గుర్తు చేసిన తరువాత చేయవలసిన పని ఏమిటో చెప్పకుండా సభ ముగించడమే అభ్యంతరకరం. దీపం ఆర్పి వెలిగించినవారికి తమ వంతు పని అయిపోయిందన్న తృప్తి మిగులుతున్నది. ఆ తృప్తి వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

గుర్తు చేయకపోయినా రోజూ దానంతట అదే జరిగిపోయే పొదుపు ఎలా ఉంటుందో జిల్లా ప్రజలకు అనుభవమే. 2014, 2015 సంవత్సరాల్లో పాత బల్బు తీసుకుని ఎల్‌ఈడీ బల్బు ఇచ్చే పథకం వచ్చింది. రాష్ట్రంలో ముందుగా అది అమలయిన జిల్లాలలో అనంతపురం ఒకటి. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల బల్బు పెట్టి, రాత్రికి అయిదు గంటలు వెలిగించుకుంటే ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి. మూడు వందల గడపల పల్లెకు వేసిన లెక్కే ఇక్కడా వేస్తే, రెండు వేల ఇళ్ళవారు గంటసేపు చీకట్లో కూర్చుని మిగిల్చేది దాదాపు అంతే. ఒక్క బల్బు, ఒక్క ఏడాది! పైగా వెలుతురులో లోటు లేదు, పిల్లల చదువు ఆగలేదు, ప్రతిజ్ఞ చేయవలసిన అవసరమూ రాలేదు.

అయితే ఈ జిల్లాలో కరెంటు సంగతంతా చివరకు నీటి దగ్గరకే వస్తుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఇది ఒకటి. వంద అడుగుల లోతు నుంచి నీరు తోడడానికి పట్టే కరెంటుకు మూడు వందల అడుగుల నుంచి అంతే నీరు తోడడానికి మూడు రెట్లు కావాలి. బోరు ఎండిందని పక్కనే మరింత లోతుగా ఇంకొకటి వేస్తే, అప్పుల సంగతి అలా ఉండగా, ఆ చీనీ చెట్టుకు పోసే ప్రతి బిందె నీటికీ ఎక్కువ బొగ్గు కాలుతుంది. కనుక ఇక్కడ నీరు మిగిల్చినవాడే కరెంటు మిగిల్చినవాడు.

ఈ పని ఇక్కడ జరగలేదని కాదు. 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకం వచ్చిన తరువాత చీనీ తోటలకు డ్రిప్ పైపులు వేసుకున్న రైతులు వేలల్లో ఉన్నారు. కాలువ కట్టి పారించిన నాటితో పోలిస్తే మోటారు తిరిగే గంటలు తగ్గాయి. అదే దశకంలో రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే పథకం ఒకటి ఈ జిల్లాతో సహా ఏడు జిల్లాల్లో నడిచింది. ఎక్కువ చదువు లేని రైతులు, వారిలో ఆడవాళ్ళు కూడా, బోరులో తాడు వదిలి నీటి మట్టం కొలిచారు. వాన ఎంత పడిందో రాసుకున్నారు. రబీకి ముందు ఊరి వాళ్ళంతా కూర్చుని ఉన్న నీళ్ళు ఎన్ని, వేయబోయే పంటకు కావలసినవి ఎన్ని అని లెక్క కట్టారు. వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళిన ఊళ్ళు ఉన్నాయి. ఎవరూ దీపాలు ఆర్పలేదు, ఎవరూ ఫొటోలు దిగలేదు. పథకం గడువు తీరింది. ఆ కొలిచే అలవాటును ప్రతి పంచాయతీలో నిలబెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఉచిత కరెంటు వల్లనే రైతు దుబారా చేస్తున్నాడని పట్టణాల్లో కూర్చుని అనేవారు కొందరు ఉన్నారు. 1980లలో మీటరు పోయి హార్సుపవర్‌కు ఇంత అని శ్లాబు పద్ధతి వచ్చింది. 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకం అయింది. ఈ రెండింటి వెనుకా ఎండిన పొలాల కష్టం ఉంది. ఆటోమేటిక్ స్టార్టరు కూడా సరదా కోసం పెట్టుకున్నది కాదు. కరెంటు ఏ వేళ వస్తుందో తెలియక, అర్ధరాత్రి చీకట్లో మడి దగ్గరకు వెళ్ళి పాము కాటుకో షాకుకో ప్రాణాలు పోగొట్టుకున్న రైతులను చూసి, బతుకు మీద తీపితో పెట్టుకున్నది. పగటిపూట, చెప్పిన వేళకు, వోల్టేజి తగ్గకుండా కరెంటు వస్తే దానిని తీసివేయమని అడిగే హక్కు అధికారులకు ఉంటుంది. పగటి కరెంటుకు మరొక లాభం కూడా ఉంది. ఎండ కాసే వేళ సోలార్ కరెంటు దండిగా ఉంటుంది. నంబులపూలకుంట దగ్గర సోలార్ పార్కు మన కళ్ళ ముందే ఉంది. రాత్రి తిరిగే మోటారుకు ఎక్కువగా బొగ్గే దిక్కు.

రైతు వంతు కూడా లేకపోలేదు. మోటారుకు కెపాసిటరు పెట్టుకోమని ఏళ్ళ తరబడి చెబుతున్నా పెట్టుకున్నవారు తక్కువ. కెపాసిటర్లు లేని మోటార్లన్నీ, కరెంటు రాగానే స్టార్టర్లు పడి, ఒక్కసారి తిరిగితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. కాలిపోయాక చందాలు వేసుకుని ట్రాక్టరు మీద మోసుకుపోవడం, అది తిరిగి వచ్చేలోపు పంట వాడిపోవడం అందరూ ఎరిగిన కథే. కెపాసిటరు ఖరీదు ఆ చందాతో పోలిస్తే ఎంత?

రైతుకు చెప్పేముందు పంచాయతీలు తమ వీధుల వంక చూసుకోవాలి. ఎన్నో పల్లెల్లో మిట్టమధ్యాహ్నం కూడా వీధి దీపాలు వెలుగుతూ కనిపిస్తాయి. 20 వాట్ల దీపాలు అరవై ఉన్న ఊళ్ళో అవి పగలు పన్నెండు గంటలు వెలిగితే 14 యూనిట్లకు పైగా వృథా. ఎర్త్ అవర్ నాడు ఊరంతా గంటసేపు చీకటిలో కూర్చుని మిగిల్చిన పదమూడున్నర యూనిట్లను ఈ దీపాలు ఒక్క పగటిలో మింగేస్తాయి. అదీ ప్రతి పగలూ. ఈ బిల్లు కట్టవలసింది పంచాయతీ. ఆర్థిక సంఘం నిధుల నుంచి కరెంటు బకాయిలు మినహాయించుకున్నారని 2021లో రాష్ట్రంలో సర్పంచులు రోడ్డెక్కారు. మురుగు కాలువకు, మంచినీటి పైపుకు రావలసిన డబ్బు అది.

పగలు దీపాలు వెలగడానికి కారణం చాలా చోట్ల ఎవరి నిర్లక్ష్యమూ కాదు, వీధి దీపాలకు వేరుగా ఉండవలసిన మూడో తీగ లేకపోవడం. ఆ తీగ లేనిదే స్విచ్ లేదు, స్విచ్ లేనిదే ఆర్పే మార్గం లేదు. లైన్‌మన్‌ను అడిగితే మెటీరియల్ రాలేదంటాడు, కార్యదర్శిని అడిగితే ఎస్టిమేటు పంపామంటారు. వచ్చే మార్చిలో దీపాలు ఆర్పించాలనుకునే పెద్దలు అంతకు ముందే ఒక పగటి పూట మండలంలోని ఊళ్ళు తిరిగి, ఏ వీధిలో ఎన్ని స్తంభాలకు ఆ తీగ లేదో రాసుకుని విద్యుత్ శాఖ డివిజన్ కార్యాలయంలో ఇవ్వాలి. బడిపిల్లలను వెంట తీసుకుపోతే మరీ మంచిది. వెలిగే దీపాలను వాళ్ళే లెక్క పెడతారు.