ఇంట్లో ఎగ్జిట్ పోల్

ఎన్నికలొచ్చాయంటే చాలు, మన ఇళ్లలో సామాన్లకు కూడా పార్టీలొచ్చేస్తాయి. మామూలు రోజుల్లో ఫ్యాను ఫ్యానే, సైకిలు సైకిలే, గ్లాసు గ్లాసే. నోటిఫికేషన్ పడిన మర్నాటి నుంచీ కథ మారిపోతుంది. 'కాస్త ఫ్యానెయ్యరా, ఉక్కపోస్తోంది' అని ఎవరైనా అన్నారనుకోండి... 'వేసేది లేదు' అని పక్కగదిలోంచి జవాబొస్తుంది. సైకిలు టైరులో గాలి తగ్గితే ఒకరికి సంబరం, ఇంకొకరికి ఉక్రోషం. గాజు గ్లాసు చెయ్యిజారి భళ్లుమంటే అదో శకునం. వాకిట్లో తామరపువ్వు ముగ్గేసినా 'ఏంటి సంగతి?' అని ఆరా తీసేవాళ్లుంటారు.

2024 వేసవిలో తెనాలి దగ్గర ఓ పల్లెటూళ్లో, ఓ ఉమ్మడి కుటుంబంలో సరిగ్గా ఇదే వాతావరణం. ఆ ఇంట్లో ఓట్లు ఎనిమిది. అభిప్రాయాలు మాత్రం పాతిక పైమాటే. ఎనిమిదో ఓటు కొత్తగా వచ్చింది. విజయవాడలో బీఏ పొలిటికల్ సైన్స్ చదువుతున్న పందొమ్మిదేళ్ల అమ్మాయిది. సెలవులకి ఇంటికొచ్చింది. ఊరికే కూర్చోలేక టీవీ వాళ్లకి పోటీగా తనూ ఓ ఎగ్జిట్ పోల్ పెట్టింది. నోటుబుక్కులో గళ్లు గీసి ఇంట్లో అందరి పేర్లూ రాసుకుంది. పైన హెడ్డింగు: 'సాంపిల్ సైజు - 8. మార్జిన్ ఆఫ్ ఎర్రర్ - బాబాయి'.

బాబాయిని అలా రాయడానికి కారణం ఉంది. ఆయనకి ఊళ్లో ఎరువుల దుకాణం. యూరియా బస్తా కోసం వచ్చినవాడు ఓ వార్త ఇచ్చి, ఇంకో వార్త పట్టుకెళ్తాడు. పొద్దున చెప్పిన మెజారిటీ సాయంత్రానికి సగమవుతుంది, రాత్రి యూట్యూబ్ చూశాక మళ్లీ రెట్టింపవుతుంది. పార్టీ మాత్రం మారదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అన్నయ్యది సరిగ్గా దానికి ఎదుటి పార్టీ. ఏది ఎవరిదో చెబితే ఈ పేజీ చదివే ఇళ్లలో కూడా గొడవ మొదలవుతుంది కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

నాన్న ప్రభుత్వ టీచరు. 'మేం ఉద్యోగులం, మాకు పార్టీల్లేవు' అంటాడు. టీవీలో ఎవరు మాట్లాడేటప్పుడు సౌండ్ పెంచుతాడో, ఎవరొచ్చినప్పుడు మంచినీళ్లకి లేస్తాడో చూస్తే చాలు... ఆయనని అడగక్కర్లేదు. పిన్నిది పాస్‌బుక్ రాజకీయం. డ్వాక్రా అప్పు, గ్యాస్ బండ ధర, పిల్లాడి ఫీజు - ఈ మూడింటి లెక్క తేలేదాకా ఆవిడ ఎవర్నీ పొగడదు, తిట్టదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇంటిల్లిపాదిలో అంకెలు పట్టుకుని మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరూ వినరు.

ఇక తాతయ్య. ఎనభై రెండేళ్లు. ఆయన ఓటు 1967లో కాడెద్దుల గుర్తుతో మొదలైంది. అప్పట్లో ఓటు హక్కు రావాలంటే ఇరవై ఒక్కేళ్లు నిండాలి. పద్దెనిమిదికి తగ్గింది 1989లోనే. పార్టీ చీలాక కాడెద్దులు పోయి 1971లో ఆవూదూడ వచ్చింది. ఆ తర్వాత 1978లో హస్తం వచ్చింది. గుర్తు మారినప్పుడల్లా ఆయనా దాని వెంటే నడిచాడు. 2014, 2019 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఆ పార్టీకి ఒక్క సీటూ రాకపోయినా ఆయన ఓటు కదల్లేదు. అందరికంటే ఆయనకి బాగా ఇష్టమైన కథ 1983 నాటిది. 1982 మార్చిలో పుట్టిన పార్టీ పది నెలలు తిరక్కుండా రాష్ట్రమంతా ఊడ్చేసిన ఎన్నికలవి. 'ఊరు ఊరంతా రామారావు గాలికి కొట్టుకుపోయింది. ఈ ఇల్లొక్కటే నిలబడింది. మా అమ్మా నాన్నా, నేనూ, మీ నాయనమ్మ... నాలుగు ఓట్లూ గంపగుత్తగా హస్తానికే' అని మీసం మీద చెయ్యేసుకుంటాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాయనమ్మ ఏదో పనుందని లోపలికెళ్తుంది. నలభై ఏళ్లుగా వింటున్న కథ కదా, విసుగేమోననుకున్నారు అందరూ.

మే 13న పోలింగ్. ముందు రోజు రాత్రి హైదరాబాద్ నుంచి బయల్దేరిన అన్నయ్య పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్ల మధ్య ఇరుక్కుని, తెల్లారాక ఇల్లు చేరాడు. సంక్రాంతికి రానివాడు ఓటుకొచ్చాడని అమ్మ దెప్పింది. నాన్న ఓటు అంతకుముందే అయిపోయింది. డ్యూటీ పడిన ఉద్యోగులకి పోస్టల్ బ్యాలెట్ కదా. పోలింగ్ రోజు తెల్లవారుజామునే వేరే ఊరి బూత్‌లో ఏజెంట్ల ముందు కనీసం యాభై ఓట్ల మాక్ పోల్ వేయించి, వాటిని చెరిపేసి, మిషన్లకి సీళ్లు వేసే పనిలో ఉన్నాడాయన.

తాతయ్యకి ఇంటి దగ్గరే ఓటేసే సౌకర్యం తప్పిపోయింది. ఆ వయసు హద్దుని 2024 మార్చిలోనే ఎనభై నుంచి ఎనభై అయిదుకి పెంచారు. 'పెంచకపోయినా మంచం మీద ఓటేస్తానా?' అని ఇస్త్రీ పంచె కట్టుకుని అందరికంటే ముందు లైన్లో నిలబడ్డాడు.

ఆ రోజు ఎండ గురించీ, లైన్ల గురించీ చెప్పాల్సింది లేదు. సాయంత్రం ఆరింటికి గేటు మూసే వేళకి లైన్లో ఎంతమంది ఉంటే అంతమందికీ స్లిప్పులిస్తారు. అదీ చిట్టచివర నిలబడిన మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకి. మధ్యలో ఇంకెవరూ దూరకుండా అన్నమాట. ఆ రాత్రి చాలా ఊళ్లలో పొద్దుపోయేదాకా ఓట్లు పడుతూనే ఉన్నాయి.

అమ్మాయి మాత్రం పొద్దున్నే వేసేసింది. ఎడమచేతి చూపుడు వేలి గోరు మీంచి కిందికి సిరా గీత. గులాబీ కాగితం ఎమ్మెల్యేకి, తెల్ల కాగితం ఎంపీకి. చుట్టూ మూడు వైపులా అట్ట. లోపలికెళ్లేదాకా చెవిలో బాబాయి గొంతు, అన్నయ్య గొంతు, తాతయ్య గొంతు ఒకదానిమీదొకటి మోగుతూనే ఉన్నాయి. అట్ట వెనక నిలబడ్డాక ఒక్కటీ వినపడలేదు. మీట నొక్కితే పక్కన అద్దం వెనక చీటీ కనిపించింది. ఏడు సెకన్లు. తర్వాత తెగి డబ్బాలో పడిపోయింది. ఎనిమిదిమంది ఉండే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. సొంత గది లేదు, సొంత బీరువా లేదు, ఫోన్ లాక్ చెల్లాయికి తెలుసు. ఇంకెవరూ తొంగిచూడలేని చోటు అంటూ దొరకడం ఆ పిల్లకి అదే మొదటిసారేమో.

బయటికొచ్చాక బాబాయి అడిగిన మొదటి మాట: 'మనోళ్లకేగా?'

అసలు సందడి పోలింగ్ తర్వాత మొదలైంది. దేశమంతా ఏడు విడతలు కావడంతో జూన్ 1 చివరి విడత ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ చెప్పకూడదు, జూన్ 4 దాకా ఫలితాలు రావు. అంటే ఇరవై రెండు రోజులు! తెలుగువాడిని ఫలితం తెలీకుండా ఇరవై రెండు రోజులు కూర్చోబెట్టడం కంటే పెద్ద శిక్ష ఉంటుందా? అరుగుల మీదా, టీ కొట్ల దగ్గరా పందేలు. ఇంట్లో అన్నం దగ్గర లెక్కలు. బాబాయి దగ్గర బూత్‌లవారీ చిట్టా ఉంది. పాత బ్యాలెట్ పేపర్ల కాలంలో చాలాచోట్ల రకరకాల బూత్‌ల కాగితాలు కలిపేసి లెక్కపెట్టేవారు. మిషన్లొచ్చాక ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో విడిగా తేలిపోతోంది. అందరివీ కలిపి చూపించే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగినా అది అమల్లోకి రాలేదు. 'మన వీధిలో ఎవరు ఎటేశారో జూన్ 4న తేలిపోద్ది' అని బాబాయి ధీమా. ఊళ్లో కొందరికి ఆ ధీమా అంత సరదాగా అనిపించదు. ఎవరు గెలిచినా రేపు కుళాయి కోసమో, రోడ్డు కోసమో వాళ్ల గడపే ఎక్కాలి మరి.

ఆ హడావుడిలోనే అమ్మాయి నోటుబుక్కు తీసింది. తాతయ్య, బాబాయి, అన్నయ్య గళ్లు క్షణంలో నిండాయి. పిన్ని 'ఎంపీకి ఒకటి, ఎమ్మెల్యేకి ఇంకొకటి' అనేసరికి బాబాయి అన్నం కలపడం ఆపేశాడు. భార్య ఓటు సగం చీలిందని ఆయనకి తెలిసింది అప్పుడే.

'అమ్మా, నువ్వు?'

'మీ అమ్మది కూడా నాదే రాసెయ్' అన్నాడు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండానే.

అమ్మ పెరటి వైపు వసారాలో కూర్చుని ఆవకాయ కలుపుతోంది. కుడిచెయ్యి మోచేతిదాకా ఎర్రగా ఉంది. ఎడమచేతి వేలికి సిరా గీత ఇంకా చెరగలేదు. 'ఉప్పు సరిపోయిందేమో చూడవే' అని ఓ ముక్క కూతురి నోట్లో పెట్టింది. అంతే.

ఇక్కడ ఆ పిల్లకి క్లాసులో విన్న సంగతొకటి గుర్తొచ్చింది. స్వాతంత్య్రం వచ్చాక తొలి ఎన్నికలకి జాబితా రాసేటప్పుడు చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పలేదట. 'ఫలానా ఆయన భార్యని', 'ఫలానా వాడి తల్లిని' అన్నారట. అలాంటి పేర్లు కుదరవని చెప్పినా వినకపోతే దాదాపు 28 లక్షలమందిని జాబితాలోంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మగ ఓటర్ల కంటే ఆడ ఓటర్లే ఎక్కువ. అందరికీ పేర్లున్నాయి, ఫొటోలున్నాయి. అయినా మా నాన్న అమ్మ గడిలో తన జవాబు రాయమంటాడేంటి అనుకుంది. పైకి మాత్రం నవ్వుతూనే, '1951 చట్టం ప్రకారం నువ్వెవరికి ఓటేశావో చెప్పమని కోర్టులో జడ్జిగారు కూడా బలవంతపెట్టకూడదు నాన్నా. నువ్వెలా చెప్పేస్తావ్?' అంది.

'ఇంట్లో చట్టమేంటే!' అని నాన్న నవ్వేశాడు. తాతయ్య వెంటనే అందుకున్నాడు. 'ఇంటి పెద్ద ఎటంటే అటే ఉండేది మా రోజుల్లో. 83లో చూడు... నాలుగు ఓట్లూ...'

'మూడు' అంది నాయనమ్మ.

మెత్తగానే అంది. వెల్లుల్లి వలుస్తూ, తలెత్తకుండా అంది. తాతయ్యకి సరిగ్గా వినపడలేదనుకుని అమ్మాయి మళ్లీ అడిగింది. నాయనమ్మ ఈసారి మొత్తం చెప్పింది. రామారావు వ్యాను ఊరి బయట రోడ్డు మీదుగా వెళ్తుందంటే, తాతయ్య వద్దన్నా, చంకలో పిల్లాడితో (ఇప్పుడు పేపర్ చదువుతున్న నాన్నే వాడు) తక్కినవాళ్లతో పాటు వెళ్లి నిలబడిందట. ఎండలో గంటలకొద్దీ. 'వ్యాను మీంచి మావైపు తిరిగి ఆడపడుచుల్లారా అన్నాడు. అంతకుముందు మన ఊరొచ్చిన ఏ నాయకుడూ మావైపు తిరిగి మాట్లాడింది లేదు. మీ తాతతోనే మాట్లాడేవాళ్లు. సరే, ఓసారి వేద్దామనిపించింది. వేశాను.'

'మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?'

'ఆయన కథ ఆయన చెప్పుకుంటున్నాడు. మధ్యలో నేనెందుకు?'

వసారాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బాబాయి పిన్ని వంక చూశాడు. నాన్న పేపర్ మడిచి, అమ్మ వంక చూశాడు. అమ్మ జాడీలో ముక్కలు అదుముతోంది. అమ్మాయి నోటుబుక్కు తీసి 'మార్జిన్ ఆఫ్ ఎర్రర్' దగ్గర బాబాయి పేరు కొట్టేసింది. అమ్మ గడి ఖాళీగానే ఉంచింది. తన గడి కూడా ఇంకా ఖాళీగానే ఉందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

తాతయ్య ఆ పూట సరిగ్గా భోంచెయ్యలేదు. కోపమని కాదు. రాత్రి ఆరుబయట మంచాలు వేశాక, దీపాలు తీసేశాక ఆయన గొంతు వినపడింది.

'ఏమేవ్... మరి 85లో?'

'దోమతెర సరిగ్గా దించారా?' అంది నాయనమ్మ.

'89లో?'

'పొద్దుపోయింది, పడుకోండి.'