రేవు బాగుచేస్తే సరా, పడవవాడి మాటేమిటి?

అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా రాత్రింబవళ్ళు లారీలు పోయే రోడ్డు ఎక్కడికి పోతుందో మన కూలి జనంలో చాలామందికి తెలియదు. అది పుణె నుంచి వచ్చి, హైదరాబాదు నడిబొడ్డున సాగి, బందరులో ఆగుతుంది. నిన్నటి 9వ నంబరు జాతీయ రహదారి, నేటి 65. గోలకొండ నవాబుల నాడూ ఈ ఊరి సరుకు సముద్రానికి చేరింది బందరు రేవులోనే. 1611లో ఇంగ్లీషు కంపెనీ కొట్టు పెట్టిందీ అక్కడే.

ఆ రేవుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చేశారు. రాళ్ళు పాతడంలో మన పాలకులను మించినవాళ్ళు లేరు లెండి! రేవు వద్దని మేము అనడంలేదు. బస్తా ధాన్యం మీద లారీ కిరాయి తగ్గితే రైతుకు మంచిదే. కాని రేవు అంటే ఓడలు ఆగే గోడ ఒక్కటే కాదు. బందరు తీరంలో లోతు తక్కువ. కృష్ణ మేట వేస్తుంది. వెనుకటి ఓడలు దూరాన లంగరు వేస్తే, సరుకు మోసింది పడవ కూలీలే. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి అక్కడ దాదాపు 30 వేలమందిని మింగింది. 1977 నవంబరు 19న పక్కనే ఉన్న దివిసీమలో పదివేలకు పైగా పోయారు. మేడల్లో ఉన్నవాళ్ళా పోయింది? గుడిసెల్లోవాళ్ళు! ఓడకు గోడ కట్టేటప్పుడు ఆ గుడిసెలకు తుపాను షెల్టరు, గట్టి కరకట్ట కూడా ఆ లెక్కలోనే ఉండాలి. ఇంకొకటి: సముద్రంలోకి గోడ కడితే ఒడ్డు వెంట నడిచే ఇసుక ఆగిపోతుంది, అవతలి తీరం కోసుకుపోతుంది. విశాఖలో చూశాంగా, ఆర్కే బీచ్‌కు డ్రెడ్జరుతో ఇసుక తెచ్చి పోయాల్సి వస్తోంది.

ఇక నది సంగతి. 2008లో కేంద్రం 4వ జాతీయ జలమార్గం ప్రకటించింది. కృష్ణలో వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్లు, గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171, ఆపైన డెల్టా కాలవలు. వజీరాబాద్ అంటే ఎక్కడో కాదు, మన హైదరాబాదు మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి. మధ్యలో పులిచింతల ఆనకట్ట అడ్డం ఉంది. అందుకే 2017లో మొదలుపెట్టిన తొలి దశ దాని దిగువన ముక్త్యాల దగ్గరే మొదలైంది.

కాటన్ దొర నాడు కాలవలు తవ్వింది నీటికీ పడవకూ రెంటికీ. లాకులు అందుకే కట్టారు. రైళ్ళూ లారీలూ వచ్చాక పడవ పోయింది, లాకులు తుప్పుపట్టాయి. మళ్ళీ పడవ నడపాలంటే కాలవలో కనీస లోతు నిలబెట్టాలి. మరి ఎండాకాలం శివారు చేనుకు నీళ్ళు లేనప్పుడు ఆ లోతు ఎవరికోసం? తూముల దగ్గర తగాదా వచ్చేదాకా ఆగకుండా రైతులు ఇప్పుడే అడగాలి. పూడికతీత పేరుతో ఇసుక కాంట్రాక్టరు పాలవకుండా చూడడమూ మన పనే.

ప్రాణాల లెక్క వేరే ఉంది. 2017 నవంబరులో కృష్ణలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. అందులో 77 మంది ఉంటే 26 మందే బయటపడ్డారు. హైదరాబాదువాళ్ళూ, వరంగల్‌వాళ్ళూ ఉన్నారందులో. ఆ లాంచీని అక్టోబరు 22న పైకి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. తాళ్ళతో, లంగర్లతో, నది పట్టు తెలిసిన అనుభవంతో తీశారు.

అటువంటి మనుషులను సరంగులకు శిక్షణ ఇవ్వడానికి పెట్టుకోవచ్చు. ప్రతి రేవులో లైఫ్ జాకెట్లు, వరద మట్టం చూపే గుర్తు, మట్టం దాటితే పడవ కట్టేసే అధికారం ఉన్న ఉద్యోగి ఉండాలి. వీటికయ్యే ఖర్చు రేవు గోడ ముందు ఏపాటిది? ఇప్పటికైతే లంక గ్రామాలవాళ్ళు నదిలో పనికి పోయేది పాత నాటుపడవల మీదనే.