నయం కాని జబ్బుకూ వైద్యం ఉంది

"ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్న మాటతో మన దగ్గర ఎందరికో వైద్యం ముగిసిపోతోంది. జబ్బు మాత్రం ముగియదు. నొప్పి, ఆయాసం, మానని పుండ్లు, చూస్తూ ఏమీ చేయలేని ఇంటివాళ్ల దిగులు అప్పటినుంచే పెరుగుతాయి. మేం అడుగుతున్నది ఇది: రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఇంటికి వచ్చి చూసే ఉపశమన వైద్య బృందం, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే బృందం ఉండాలి. రోగి పోయాక కూడా ఆ బృందం ఆ గడప తొక్కాలి.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయం కాని రోగులకు ఉపశమన వైద్యం అందించే కేంద్రం) స్థాపించిన సిసిలీ సాండర్స్, నొప్పి ఒంటికి మాత్రమే సంబంధించింది కాదన్నారు. భయం, అప్పు, పిల్లల గతేమిటన్న బెంగ కూడా అందులో భాగమే. అందుకే హాస్పిస్‌లో డాక్టరుతో పాటు నర్సు, కౌన్సెలర్ ఉంటారు. మన దేశంలో తొలి హాస్పిస్ 1986లో బొంబాయిలో వచ్చింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, స్పర్శ్ హాస్పిస్ ఈ సేవ చేస్తున్నాయి. తెలంగాణ జిల్లాల్లోనూ కొన్ని కేంద్రాలు వచ్చాయి. కానీ మంచం దిగలేని మనిషి పట్నం దాకా ఎలా వెళ్తాడు? కేరళ ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టింది. 1993లో కోళికోడ్‌లో మొదలైన ప్రయత్నం ఊరూరా వాలంటీర్లను కూడగట్టింది. 2008లో ప్రభుత్వమే విధానం ప్రకటించి, పంచాయతీలకు బాధ్యత అప్పగించింది. నర్సు ఇంటికొచ్చి కట్టు మారుస్తుంది, రోగిని పక్కకు తిప్పడం ఇంటివాళ్లకు నేర్పుతుంది. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు.

హాస్పిస్ అంటే చావుకోసం ఎదురుచూడటమేనని కొందరి భయం. 2010లో బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగిన అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు మొదటినుంచీ ఉపశమన వైద్యం అందినవారి జీవన నాణ్యత మెరుగుపడింది, ఆయుష్షు కూడా కొంత పెరిగింది. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవు గానీ, ఈ వైద్యం ప్రాణం తగ్గిస్తుందన్న అనుమానానికి అది గట్టి జవాబు. మార్ఫిన్ అలవాటైపోతుందన్నది మరో మాట. డాక్టరు మోతాదు చూసి, నొప్పికి ఇచ్చే మందు వేరు, మత్తుకోసం వాడటం వేరు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల అనుమతులు దొరక్క చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టం సడలింది. మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశంలో రోగి మార్ఫిన్ లేక అరవడం క్షమించరాని విషయం.

"మనవాళ్లను మనమే చూసుకుంటాం, బయటివాళ్లెందుకు?" అనేవారి మాటలో ప్రేమ ఉంది, కాదనం. కానీ ఆ చూసుకునే పని ఎక్కువగా ఇంట్లో ఒక్క ఆడమనిషి మీదే పడుతుంది, రాత్రీ పగలూ. హాస్పిస్ ఆమెను తప్పించదు, ఆమెకు తోడు నిలుస్తుంది. పెద్దకర్మ దాకా ఇంటినిండా బంధువులుంటారు. ఆ తర్వాత ఆమె మిగులుతుంది, అప్పుతో, "ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే బతికేవాడేమో" అన్న కుమిలిపాటుతో. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ నిబంధనల్లో మరణం తర్వాత ఏడాది దాకా కుటుంబానికి ఓదార్పు సేవ హాస్పిస్ బాధ్యతే. మన నర్సు నెలకోసారి వెళ్లి పలకరించడానికి అయ్యే ఖర్చెంత?

వచ్చే గ్రామసభలో ఈ మాట ఎత్తండి. మీ జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ మాత్రలు దొరుకుతున్నాయా, ఇంటికొచ్చే నర్సు ఉందా అని అడగండి. లేదంటే తీర్మానం రాయించి, సర్పంచ్ సంతకంతో కలెక్టరుకు పంపించండి.