షోరూం బిల్లు ఉంటే చాలా?

కారున్న మధ్యతరగతి ఇళ్ళలో ఒక మాట పాతుకుపోయింది. "సర్వీసింగ్ షోరూంలోనే చేయించాలి. బయటివాడు చెయ్యి పెడితే వారంటీ పోతుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా నిశ్చింత." అమ్మేవాళ్ళు చెప్పిన ఈ మాటను చుట్టాలూ స్నేహితులూ ఒకరికొకరు చెప్పుకుని తిరుగులేని సూత్రంగా మార్చేశారు. ఈ సూత్రం తప్పు. ఇది మన జేబుతో పాటు బండికీ చేటు చేస్తోంది. ఎక్కడ చేయించాలన్న ప్రశ్న దగ్గరే మనల్ని ఆపేసి, ఏం చేయించాలి, ఎప్పుడు చేయించాలి అన్న అసలు ప్రశ్నలు అడగనివ్వడం లేదు. ఆ రెండింటికీ జవాబు కారు తయారుచేసిన ఇంజనీర్లే రాసిచ్చారు. ఓనర్స్ మాన్యువల్‌లోని మెయింటెనెన్స్ షెడ్యూలే ఆ జవాబు. చాలా కార్లలో అది డ్యాష్‌బోర్డు అరలో తెరవకుండానే పడి ఉంటుంది.

ఆ పట్టికలో చాలా పనులకు రెండు గడువులుంటాయి: ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది. మన పెట్రోలు కార్లలో ఇంజన్ ఆయిల్ మార్పు సాధారణంగా 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి. ఏడాదిలో మూడు వేలు కూడా తిరగని బండి యజమాని రెండో గడువును వదిలేస్తాడు. "బండి తిరగలేదుగా, వచ్చే ఏడాది చూద్దాం" అంటాడు. తిరగని బండిలోనూ ఆయిల్ పాడవుతుంది. కూరగాయల మార్కెట్ దాకా వెళ్ళొచ్చే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరైపోక ఆయిల్లోనే కలిసి ఉండిపోతాయి. అలాంటి ఆయిల్ ఇంజన్ భాగాలను కాపాడలేదు.

బ్రేక్ ఫ్లూయిడ్ సంగతి ఇంతకంటే ప్రమాదకరం. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. తిరుమల కొండ దిగేటప్పుడో శ్రీశైలం ఘాట్‌లోనో పదే పదే బ్రేకు తొక్కితే ఆ వేడికి పాత ఫ్లూయిడ్ మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. చాలా మాన్యువళ్ళు దీన్ని రెండేళ్ళకోసారి మార్చమంటాయి. బండి పెద్దగా తిరగకపోయినా ఈ గడువు వర్తిస్తుంది. మీ కారులో ఇది చివరిసారి ఎప్పుడు మార్చారో షోరూం బిల్లులు తీసి వెతకండి. మన పొరపాటు ఎంత పెద్దదో అక్కడే తెలుస్తుంది.

మాన్యువల్‌లో మరో భాగం కూడా ఉంటుంది, కఠిన పరిస్థితుల్లో నడిచే బళ్ళ కోసం. దుమ్ము రోడ్లు, ఆగుతూ సాగే ట్రాఫిక్, చిన్న చిన్న ప్రయాణాలు, విపరీతమైన ఎండ అన్నీ అందులోకి వస్తాయి. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పాక్కుంటూ వెళ్ళే కారూ, మే నెలలో విజయవాడలో తిరిగే కారూ ఈ కోవలోవే. వీటికి ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ ఇంకా ముందే మార్చాలి. కానీ బండిని సర్వీసుకు తీసుకునేటప్పుడు "మీరు ఎక్కడ, ఎలా నడుపుతారు?" అని అడిగే సర్వీస్ అడ్వైజర్ అరుదు. నగరంలో నలిగే బండికీ హైవే మీద హాయిగా పరిగెత్తే బండికీ వచ్చే సర్వీసు గడువు రాసిన ఒకటే స్టిక్కర్ అంటిస్తారు.

ఆ అడ్వైజర్ అడిగేది వేరు. ఇంజన్ ఫ్లష్ చేద్దామా? ఏసీ శుద్ధి? థ్రాటిల్ బాడీ క్లీనింగ్? అండర్‌బాడీ కోటింగ్? వీటిలో చాలావాటికి పట్టికలో చోటే లేదు. ఇబ్బంది కనబడితే కొన్ని అవసరం కావచ్చు. ప్రతి సర్వీసుకూ అవసరమనడం వ్యాపారం. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతని నెత్తిన నెలవారీ టార్గెట్లు ఉంటాయి. టార్గెట్లు పెట్టి అమ్మించే చోటును ఆసుపత్రిలా నమ్మడమే మన తప్పు. పట్టికలో లేని పనులకు వేలు కట్టి, పట్టికలో ఉన్న బ్రేక్ ఫ్లూయిడ్‌ను మరిచిపోయి, బిల్లు చూసుకుని నిశ్చింతగా ఉంటున్నాం.

ఇక వారంటీ భయం. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలపై దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్కులకు అందనీయకుండా పోటీని అణచివేశాయని తేల్చింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దవుతుందన్న షరతు పెట్టకూడదనీ, బయటి పనిలోని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చనీ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2016లో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో జరిమానా తగ్గించినా, అవి చేసింది తప్పేనన్న తీర్పును నిలబెట్టింది.

అయినా వారంటీ ఉన్నన్నాళ్ళూ పీరియాడిక్ సర్వీసు కంపెనీ వర్క్‌షాపులోనే చేయించుకుంటామంటే కాదనను. రేపు క్లెయిమ్ చేస్తే వాదనకు తావుండదు. కానీ వారంటీ షరతుల్లో షెడ్యూలు ప్రకారం సర్వీసు జరగాలని కూడా ఉంటుంది. బయట టైరో బ్యాటరీయో మార్పించడానికి వణికే మనిషి, ఏడాది గడువు దాటినా బండిని సర్వీసుకు ఇవ్వకుండా ఉంటాడు. వారంటీకి ముప్పు తెచ్చేది ఈ ఆలస్యమే.

దీనికి విరుగుడుగా బయటి గ్యారేజీని గుడ్డిగా నమ్మమనడం లేదు. "మావాడు ఇరవై ఏళ్ళుగా తెలుసు, వాడేం పోస్తే అదే" అనే ధోరణి కూడా అంతే హానికరం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. పాత బళ్ళకు పోసే డ్రమ్ము ఆయిలే పోస్తే ఆ ఖరీదైన ఫిల్టర్ క్రమంగా పూడుకుపోతుంది. ఏ గ్రేడు, ఏ ప్రమాణం అన్నది కూడా మాన్యువల్‌లోనే రాసి ఉంది. ఆ పేజీ చూసి, సీలు డబ్బా మీ కళ్ళెదుటే తెరిచి పోసే మెకానిక్ విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నా మీ వీధి చివర ఉన్నా మంచి మెకానిక్కే. చూడనంటే, ఏసీ గది, కాఫీ మెషీన్ ఉన్నా అది మంచి వర్క్‌షాపు కాదు.

కొన్ని పనులు కంపెనీ వర్క్‌షాపువే: రీకాల్ మరమ్మతులు, ఎయిర్‌బ్యాగులు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల హై వోల్టేజీ బ్యాటరీ. వీటిని అక్కడికే తీసుకెళ్ళాలి. వారంటీ తీరాక మిగతా పనుల్లో చాలావాటిని, సరైన పార్టు, సరైన ఆయిల్, తగిన పరికరాలు ఉంటే, నైపుణ్యమున్న ఏ మెకానిక్ అయినా చేయగలడు.

కాబట్టి ఈసారి సర్వీసుకు ముందు పట్టిక తెరవండి. మీ బండి ఏ కోవలోకి వస్తుందో చూసి, గడువు వచ్చిన పనులు ఒక కాగితం మీద రాసుకోండి. జాబ్ కార్డులో అవన్నీ ఉన్నాయో లేదో సంతకానికి ముందే సరిచూడండి. పట్టికలో లేనిది ఎవరు చెప్పినా కారణం అడగండి, సరైన కారణం చెప్పలేకపోతే కొట్టేయించండి. మార్చిన పాత భాగాలు చూపించమనండి. ప్రతి బిల్లునూ తేదీ, కిలోమీటర్లతో దాచుకోండి. షోరూం పేరు మీదో మెకానిక్ మీద నమ్మకంతోనో వదిలేసిన బాధ్యత బండి యజమానిది. అందులో ప్రయాణించేది మన కుటుంబమే కాబట్టి ఆ బాధ్యతను తిరిగి చేతిలోకి తీసుకోవాల్సింది కూడా మనమే.