ఎనిమిదో క్లాసు లెక్కలు

అమెరికాలో కాలేజీలో లెక్కలు చెప్తానని ఎవరితోనైనా అంటే ముందు కళ్ళు పెద్దవవుతాయి. "ప్రొఫెసరా!" అంటారు. ఏ కాలేజీ అని అడుగుతారు. కమ్యూనిటీ కాలేజీ అనగానే ఆ కళ్ళు మామూలు సైజుకి వచ్చేస్తాయి. ఏం చెప్తావమ్మా అంటే భిన్నాలు, రుణసంఖ్యలు, ఎక్స్ విలువ కనుక్కోవడం అంటాను. "ఓహో, మన ఎనిమిదో క్లాసు లెక్కలన్న మాట!" అని పులిహోర వైపు తిరుగుతారు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో పదిహేడేళ్ళుగా ఈ మాట వింటున్నాను.

నాకు చిన్నతనం అనిపించి ఇది రాయడం లేదు. ఆ మాట మనవాళ్ళ నోటి నుంచి మాత్రమే వచ్చుంటే నవ్వేసి ఊరుకునేదాన్ని. కాలేజీలు నడిపేవాళ్ళూ, చట్టాలు చేసేవాళ్ళూ కూడా లోలోపల అదే నమ్ముతారు. ఎనిమిదో క్లాసు లెక్కలు ఎవరైనా చెప్పొచ్చు, ఎలాగైనా చెప్పొచ్చు, ఎంతకైనా చెప్పొచ్చు. నా తగువు ఆ నమ్మకంతో.

అర, మూడో వంతు కలిపితే ఎంత అని అడిగితే నా క్లాసులో చాలామంది అయిదింట రెండు అని రాస్తారు. పైవీ పైవీ కలిపారు, కిందవీ కిందవీ కలిపారు. మా ఊళ్ళో మాస్టారైతే సుద్దముక్క విసిరేవారు. కానీ ఆ కుర్రాడు బుర్ర లేక అలా రాయలేదు. ఒక క్విజ్‌లో రెండు ప్రశ్నలకి ఒకటి, ఇంకో క్విజ్‌లో మూడింటికి ఒకటి ఒప్పయితే మొత్తం మీద అయిదింటికి రెండు ఒప్పే కదా? స్కోర్లు అలాగే కలుపుతాం. బాస్కెట్‌బాల్ చూస్తూ పెరిగినవాడికి కలపడమంటే అదే. అంటే వాడి తప్పులో ఒక లెక్క ఉంది. అది ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో వాడి చేతే చెప్పించాలి. అయిదింట రెండు అర కన్నా తక్కువ కదా, అరకి ఇంకొంచెం కలిపితే తగ్గిందేమిటి అని వాడికే అనుమానం పుట్టాలి. అది పుట్టించడానికి ఒక్కోసారి గంట పడుతుంది. సమానం గుర్తు కనపడగానే "ఇక్కడ జవాబు రాయాలి" అని చదివేవాళ్ళున్నారు. రెండు వైపులా ఒకే బరువు అని తట్టనివాళ్ళకి సమీకరణం ఎలా నేర్పుతారు? కాల్క్యులస్ చెప్పే పెద్దాయనకి ఈ గొడవ లేదు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు ఇవన్నీ ఎక్కడో దాటే వస్తారు.

నా క్లాసులో పంతొమ్మిదేళ్ళ కుర్రాడి పక్కన నలభై ఏళ్ళ ట్రక్ డ్రైవరు కూర్చుంటాడు. ఆ పక్కన, పగలంతా వృద్ధాశ్రమంలో పనిచేసి నర్సు అవుదామని వచ్చినావిడ. నర్సుకి ఆల్జీబ్రా ఎందుకండీ అని అడుగుతారు కొందరు. 5 మిల్లీలీటర్ల సీరపులో 250 మిల్లీగ్రాముల మందుంటే, 400 మిల్లీగ్రాములకి ఎన్ని మిల్లీలీటర్లు పొయ్యాలి? ఎనిమిది. రేపు ఆ మందు తాగేది మీ అమ్మగారే కావచ్చు.

ఈ చదువుకి ఒకప్పుడు రెమెడియల్ అని పేరు. అది రోగానికి మందులా ఉందని డెవలప్‌మెంటల్ అన్నారు. కాలిఫోర్నియాలో బేసిక్ స్కిల్స్ అనీ అన్నారు. 1976లో పెట్టుకున్న జాతీయ డెవలప్‌మెంటల్ విద్యా సంఘం కూడా 2019లో ఆ మాట తీసేసి పేరు మార్చుకుంది. పేర్లు మార్చడానికి ఖర్చు తక్కువ.

పాత పద్ధతి గొప్పదని నేననడం లేదు. చేరగానే ప్లేస్‌మెంట్ పరీక్ష. మార్కులు తక్కువొస్తే అంకగణితం, తర్వాత ప్రీ ఆల్జీబ్రా, ఆ తర్వాత ఎలిమెంటరీ ఆల్జీబ్రా, ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా. ఇవన్నీ దాటితేగాని యూనివర్సిటీలో చెల్లే కోర్సు ఎక్కనివ్వరు. ఒక్కో మెట్టు మీద నూటికి డెబ్బై మంది నెగ్గుతారనుకోండి. మూడు మెట్లయ్యేసరికి మిగిలేది ముప్పై నలుగురు. కొలంబియా యూనివర్సిటీలోని కమ్యూనిటీ కాలేజీ పరిశోధన కేంద్రంవాళ్ళు 2010లో వేసిన లెక్కా ఇంచుమించు ఇంతే. లెక్కల్లో ఈ కోర్సులకి పంపినవాళ్ళలో ఆ వరుసంతా పూర్తి చేసింది మూడో వంతు మంది. మూడు మెట్ల కింద మొదలుపెట్టినవాళ్ళలో 17 శాతం. తప్పినవాళ్ళ కన్నా అసలు తర్వాతి క్లాసులో చేరకుండా మానేసినవాళ్ళే ఎక్కువ.

కాబట్టి మెట్లు తీసెయ్యమన్నవాళ్ళతో నాకు పేచీ లేదు. ఫ్లోరిడా 2013లోనే చాలామంది విద్యార్థులకి ఈ కోర్సులు మీ ఇష్టం అనేసింది. కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 అనే చట్టం చేసి, 2019 ఫాల్ సెమిస్టర్‌కల్లా అమలు చెయ్యమంది. విద్యార్థిని తిన్నగా స్టాటిస్టిక్స్ లాంటి పై కోర్సులో కూర్చోబెట్టి, అవసరమైతే పక్కనే ఒక సపోర్టు క్లాసు పెట్టమన్నారు. ఏడాదిలోగా ఆ పై కోర్సు గట్టెక్కేవాళ్ళ సంఖ్య బాగా పెరిగింది. అది మేలే, కాదనను. అదే క్లాసుల్లో తప్పేవాళ్ళ సంఖ్యా పెరిగింది. దాని గురించి మీటింగులో మాట్లాడితే పాతకాలం మనిషి అని పేరొస్తుంది.

కోర్సులు రద్దయ్యాయి. భిన్నాలు రద్దు కాలేదు. స్టాండర్డ్ డీవియేషన్ చెప్తూ మధ్యలో ఆగి వర్గమూలం చెప్పాలి. ఇదివరకు సెమిస్టరంతా చెప్పుకున్నది ఇప్పుడు ఏ పూటకి ఆ పూట, పది నిమిషాల్లో చెప్పాలి. అందులోనూ పాఠం ఎవరికి ఎక్కడ తెగిందో ముందే పసిగట్టాలి. పని తేలికవలేదు, బరువెక్కింది. మరి ఆ బరువు మోసేవాళ్ళకి ఏమిచ్చారు?

మాలో ఎక్కువమంది ఎడ్జంక్టులు. అంటే సెమిస్టర్ సెమిస్టర్‌కీ కొత్తగా కాగితం రాయించుకునే కూలీలం. బోధనలో 75 శాతం పూర్తికాలపు అధ్యాపకులే చెయ్యాలని కాలిఫోర్నియా 1988లోనే చట్టంలో రాసుకుంది. రాష్ట్రం మొత్తం మీద ఆ లక్ష్యం ఈనాటికీ అందలేదు. ఇంకోపక్క, ఒక కాలేజీ డిస్ట్రిక్టులో ఎడ్జంక్టుకి పూర్తి ఉద్యోగంలో 67 శాతానికి మించి పని ఇవ్వకూడదని మరో చట్టం. అది పూర్తికాలపు ఉద్యోగాలు కాపాడటానికి పెట్టిన హద్దట. జరిగిందేమిటంటే, పొద్దున ఒక డిస్ట్రిక్టులో, సాయంత్రం ఇంకో డిస్ట్రిక్టులో చెప్పుకోవడం, మధ్యలో 880 ఫ్రీవే. మమ్మల్ని ఫ్రీవే ఫ్లయర్లంటారు, అదేదో బిరుదులాగా. నా ఆఫీసు కారు డిక్కీలో ఉంది.

ఒకసారి ఒక కాలేజీలో కొత్త సపోర్టు క్లాసు నాకిస్తున్నట్టు సెమిస్టర్ మొదలవడానికి అయిదు రోజుల ముందు ఈమెయిల్ వచ్చింది. అసలు స్టాటిస్టిక్స్ చెప్పేది వేరే ఆయన. ఆయనా నాలాంటివాడే. ఆయన ఇంకో కాలేజీకి బయల్దేరే వేళకి నేను వస్తాను. ఆయన ఎంతవరకు చెప్పాడో, పిల్లలు ఎక్కడ ఆగిపోయారో తెలిస్తేగాని నేను సపోర్టు చెయ్యలేను. ఆ సెమిస్టరంతా పార్కింగ్ లాట్‌లో, కార్ల కిటికీల్లోంచి మాట్లాడుకున్నాం. ఆ పదేసి నిమిషాలకి జీతం లేదు. ఆ చట్టం ఫలించిందని ఎక్కడైనా రిపోర్టు రాస్తే ఆ పార్కింగ్ లాట్ ప్రస్తావన ఉండదు.

మా పనిగంటలు లెక్కేసే పద్ధతి కూడా ఒకటుంది. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం వల్ల, వారానికి 30 గంటలు పనిచేసేవాళ్ళకి పెద్ద యజమానులు ఇన్సూరెన్సు ఇవ్వాలి, లేదంటే జరిమానా. ఎడ్జంక్టు ఎన్ని గంటలు పనిచేస్తున్నట్టు? క్లాసులో ఒక్కో గంటకీ బయట గంటంబావు కలిపి చూస్తే చాలని 2014లో ఫెడరల్ ప్రభుత్వం ఒక కొలత ఇచ్చింది. సరే, కొలుద్దాం. వారానికి నాలుగు గంటల క్లాసుకి బయటి పని అయిదు గంటలు. క్లాసులో 35 మంది. ఒక్కొక్కరి కాగితం అయిదు నిమిషాల చొప్పున వారానికి రెండుసార్లు దిద్దితే 350 నిమిషాలు. అంటే అయిదు గంటల యాభై నిమిషాలు. పాఠం తయారు చేసుకోకముందే కొలత దాటిపోయింది. ఇన్సూరెన్సు హద్దు తగలకూడదని చాలా కాలేజీలు ఎడ్జంక్టులకిచ్చే క్లాసులే తగ్గించాయి. ఎనిమిదో క్లాసు లెక్కలు వాళ్ళకి బాగానే వచ్చు!

దిద్దడానికి కంప్యూటరుంది కదా అంటారు. ఉంది, దాని కోడ్‌కి డబ్బు కట్టేది విద్యార్థి. అయిదింట రెండు తప్పు అని అది టక్కున చెప్తుంది. ఆ కుర్రాడు బాస్కెట్‌బాల్ స్కోరు కలిపాడని చెప్పదు.

సహాయమంటే ఏమిటో తెలియక కాదు. కార్నెగీ ఫౌండేషన్‌వాళ్ళు 2011లో కొన్ని రాష్ట్రాల కాలేజీల్లో స్టాట్‌వే అనే కోర్సు మొదలుపెట్టారు. పాత వరుసంతా కలిపి, స్టాటిస్టిక్స్‌తో సహా ఒకే ఏడాదిలో. మొదటి ఏళ్ళలో చేరినవాళ్ళలో సుమారు సగం మంది ఏడాదిలో గట్టెక్కారు. అందరూ ఆ కోర్సు గురించే మాట్లాడారు. దాని వెనక వాళ్ళు చేసిన ఇంకో పని, రకరకాల కాలేజీల టీచర్లని ఒక జట్టుగా కట్టి, ఏ పాఠం ఎక్కడ బెడిసికొట్టిందో కలిసి చూసుకుని మార్చుకునేలా చెయ్యడం. నాకు కావలసింది అది. దాన్ని వదిలేసి, శుక్రవారం మధ్యాహ్నం పిజ్జా పెట్టి, ఎప్పుడూ ఈ క్లాసు చెప్పని కన్సల్టెంటు చేత "మీ విద్యార్థుల్ని నమ్మండి" అని స్లైడ్లు చూపిస్తారు. నమ్మబట్టే కదా నాయనా ఇన్నేళ్ళుగా ఇక్కడున్నాం!

ఇండియాలో ఉన్న పాఠకులకి ఇది వింతగా అనిపించదనుకుంటాను. సర్కారు జూనియర్ కాలేజీల్లో కాంట్రాక్టు లెక్చరర్లనీ, గెస్టు లెక్చరర్లనీ చూసినవాళ్ళే మీరు. లెక్కలొస్తే తెలివైనవాడు, రాకపోతే ఆర్ట్స్‌కి పొమ్మనే మన అలవాటు ఇక్కడికీ మోసుకొచ్చాం. మన పిల్లలు పన్నెండో క్లాసు లోపలే కమ్యూనిటీ కాలేజీలో కోర్సులు తీసుకుని ఖర్చు ఆదా చేసుకుంటే మాత్రం చల్లగా చెప్పుకుంటాం.

కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్ళకి మాత్రం ఒక మాట. ఇక్కడ 116 కమ్యూనిటీ కాలేజీలు, 73 డిస్ట్రిక్టులు. స్థానిక డిస్ట్రిక్టుకి ట్రస్టీలని మీరే ఓట్లేసి ఎన్నుకుంటారు. బ్యాలెట్ కాగితం అడుగున ఆ పేర్లుంటాయి, మనలో చాలామంది అంతదాకా చదవరు. అడగవలసినవి ఎక్కువేం లేవు. సపోర్టు క్లాసు చెప్పే ఎడ్జంక్టుకి ఆఫీసు గంటలకీ, జతగా చెప్పే టీచర్‌తో కలిసి కూర్చునే గంటలకీ జీతం ఇస్తున్నారా? ఏ క్లాసో నెల ముందు చెప్తున్నారా? కూర్చోవడానికి తలుపున్న గది ఉందా? డిస్ట్రిక్టులు ఏటా సెప్టెంబరు 15 లోపు బడ్జెట్టు ఖరారు చెయ్యాలి, దానికి ముందు బహిరంగంగా వింటారు. ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. హెచ్-1 మీద ఉన్నా ఫరవాలేదు, మాట్లాడడానికి పౌరసత్వం అడగరు.