మచ్చను తగ్గించే లోకుట్టు

బస్తర్ అడవులలో వేకువనే ఇప్పపూలు ఏరబోయినవారిపై ఎలుగుబంటి పడితే, దాని పంజా తరచు తగిలేది తలకు, ముఖానికే. ప్రాణం దక్కినా మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ వెడల్పు చాలావరకు చర్మంలోని బిగువును బట్టి ఉంటుంది. 1861లో వియన్నా శాస్త్రజ్ఞుడు కార్ల్ లాంగర్ శవాల చర్మాన్ని గుండ్రని దబ్బనంతో పొడవగా, రంధ్రాలు కోలగా సాగాయి. ఆ బిగువుకు ఒక దిశ ఉన్నదని తేలింది. గాయం దానికి అడ్డంగా పడితే అంచులు ఎడమవుతాయి. వాటిని పైదారంతోనే బిగించి లాగితే నిచ్చెనమెట్ల వంటి గుర్తులు పడతాయి.

అందుచేత శస్త్రవైద్యులు ముందుగా చర్మపు లోపొరను కరిగిపోయే దారంతో కుట్టి, బిగువంతా దానిపై మోపుతారు. పైకుట్టు అంచులను ఆనించడానికే. ముఖంపై దానిని సుమారు 5 రోజులకే తీసివేస్తారు. 3 వారాలకు కూడా గాయానికి మామూలు చర్మపు బలంలో ఐదో వంతే వస్తుంది. అంతవరకు దానిని ఆదుకొనేది కంటికి కనబడని ఆ లోకుట్టే.